సీలెంట్ ట్యూబు మూత తీసే ముందు బోల్టు రంధ్రంలోకి చూడు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

ఇంజిన్ మళ్లీ బిగించేటప్పుడు ఏ బోల్టుకు ఏం రాయాలని అడిగావు. ముందు ఆ బోల్టు దిగే రంధ్రం చూడు. అడుగు మూసి ఉందా, లేక లోపల నూనెలోకో కూలెంట్‌లోకో తెరుచుకుని ఉందా? కొన్ని ఇంజిన్లలో హెడ్ బోల్టులు నేరుగా కూలెంట్ తిరిగే వాటర్ జాకెట్‌లోకి దిగుతాయి. కొన్నింట్లో ఫ్లైవీల్ బోల్టుల వెనక నూనె ఉంటుంది. అలాంటి చోట లీకును ఆపే సీలెంట్ రాయకపోతే థ్రెడ్ల వెంబడే లీకవుతుంది, గ్యాస్కెట్ పోయిందనుకుని అంతా మళ్లీ విప్పుకోవాలి. టెఫ్లాన్ కలిసిన థ్రెడ్ సీలెంట్ వాడు. సిలికాన్ వద్దు, ఎక్కువైతే ముక్కలు ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడతాయి.

అడుగు మూసిన రంధ్రాన్ని పూర్తిగా తుడిచి ఆరబెట్టు. కింద నూనె నిలిచి ఉంటే బోల్టు దిగేకొద్దీ అది ఎటూ పోలేక బ్లాకునే చీల్చేయగలదు.

బోల్టు వదులవకుండా పట్టి ఉంచే, లాక్‌టైట్ లాంటి థ్రెడ్ లాకర్ గాలి అందకుండా లోహాల మధ్య ఇరుక్కున్నప్పుడే గట్టిపడుతుంది. సీసాను నిండుగా నింపకుండా గాలి ఉంచేది అందుకే. లాక్‌టైట్‌లో నీలం రంగు 243 రకం రాసినవాటిని మామూలు పనిముట్లతోనే విప్పవచ్చు. ఎరుపు 271 రాస్తే విప్పే రోజున దాదాపు 250 డిగ్రీల వేడి పెట్టాల్సి రావచ్చు. చిన్న స్క్రూలకు ఊదా రంగు 222 చాలు. నన్నడిగితే, మాన్యువల్ అడిగితే తప్ప ఎరుపు జోలికి పోకు. ఏది రాసినా పూర్తిగా బిగుసుకోవడానికి 24 గంటలు ఇవ్వు. స్టెయిన్‌లెస్ మీద ఇంకా ఆలస్యమవుతుంది, దానికి ప్రైమర్ మేలు. ప్లాస్టిక్ భాగాలకు మాత్రం తగలనివ్వకు, కొన్ని రకాలు పగుళ్లిస్తాయి.

నాకు ఎక్కువ బెంగ యాంటీ-సీజ్ గురించే, అంటే థ్రెడ్లు పట్టేయకుండా పూసే పేస్టు. మంచిది కదా అని అన్నిటికీ పూసేస్తారు. బిగింపును కొలిచే టార్క్ రెంచ్‌తో నువ్వు పెట్టే బలంలో సుమారు 10 శాతమే బోల్టును సాగదీస్తుంది. మిగతాదంతా తల కింద, థ్రెడ్ల మీద రాపిడికే పోతుంది. పేస్టు ఆ రాపిడిని తగ్గించేస్తుంది. అప్పుడు పొడి థ్రెడ్లకు మాన్యువల్ ఇచ్చిన టార్క్ అంకె దాకానే తిప్పినా బోల్టు హద్దు మీరి సాగుతుంది, అల్యూమినియంలోనైతే థ్రెడ్లు ఊడొస్తాయి. కనెక్టింగ్ రాడ్ బోల్టులకూ, హెడ్ బోల్టులకూ మాన్యువల్ నూనె అంటే నూనే, పొడిగా అంటే పొడిగానే. అక్కడ సొంత తెలివి వద్దు. ఒక్కసారే వాడాలన్న బోల్టులను కొత్తవే తెచ్చుకో.

యాంటీ-సీజ్‌కు అసలు చోటు ఎగ్జాస్ట్ స్టడ్లు, అంటే ఎగ్జాస్ట్‌ను పట్టి ఉంచే తలలేని బోల్టులు. ఏళ్ల తరబడి ఎర్రగా కాలే చోట పట్టేసిన నట్టుతో పోరాడితే స్టడ్డు విరుగుతుంది. రాగి రకం 980 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్‌కు నికెల్ రకం మంచిది. స్పార్క్ ప్లగ్గులకు వద్దు. లోహపు పూత ఉన్న తమ ప్లగ్గులకు రాయవద్దని ప్లగ్గుల కంపెనీ ఎన్‌జీకే కూడా చెబుతుంది. ఆక్సిజన్ సెన్సార్‌కు చాలాసార్లు కంపెనీయే రాసి పంపుతుంది, కొనకు ఏదీ అంటనివ్వకు.

ఎగ్జాస్ట్ స్టడ్లు విప్పాక థ్రెడ్ల ఫోటోలు పంపు. తుప్పు ఎంత తిన్నదో చూసి, పాతవి పనికొస్తాయో మార్చాలో చెబుతాను.

ఇట్లు,
నీ పెదనాన్న