టెక్ సందేహాలు: రెండో ఆటగాడు ఎక్కడ కూర్చుంటాడు?

ప్రశ్న: మాది కావలి. తొంభైల చివర్లో మా అన్నా నేనూ ఎదురింటివాళ్ల టీవీ గేమ్‌లో కాంట్రా, మారియో ఆడేవాళ్లం. చేతిలో పట్టుకుని ఆ పాత ఆటలు ఆడుకునే కన్సోళ్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో బోలెడు కనిపిస్తున్నాయి. ‘20 వేల ఆటలు’ అని ఒకరు, ‘ప్లేస్టేషన్ 2 కూడా నడుస్తుంది’ అని ఇంకొకరు ప్రకటిస్తున్నారు. ఆరేడు వేలు పెట్టగలను. నాకూ, ఐదో తరగతి చదివే మా అబ్బాయికీ పనికొచ్చేది ఏది?

జవాబు: మీ ప్రశ్నలో ‘మా అన్నా నేనూ’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. కాంట్రా ఇద్దరు కలిసి ఆడే ఆట. మీరు చూస్తున్న కన్సోళ్లేమో ఒక్క మనిషి రెండు చేతుల కోసం చేసినవి. ఈ సంగతి తేల్చుకోకుండా కొంటే అది వారం రోజులు చేతులు మారి, ఆ తర్వాత సొరుగులోకి చేరుతుంది. అలా చేరినవి మా ఇంట్లోనే రెండున్నాయి.

ముందు ఆ ప్రకటనల సంగతి చూద్దాం. మన వీధుల్లో తిరిగిన టీవీ గేమ్‌లలో ఎక్కువ భాగం, 1983లో జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ఫామికామ్‌కు నకళ్లు. చెన్నై బర్మా బజార్ నుంచి ఎవరో బంధువు సంచిలో పెట్టుకొస్తే ఆ వేసవంతా ఆ ఇంటి ముందు చెప్పుల గుట్ట ఉండేది. ఆ యంత్రం ప్రాసెసర్ వేగం సెకనుకు సుమారు 18 లక్షల చుట్లు. పని చేసుకోవడానికి దానికి ఉన్న మెమరీ 2 కిలోబైట్లు. మీరు నాకు పంపిన ప్రశ్న కూడా దాదాపు అంతే ఉంటుంది!

ఎమ్యులేటర్ అంటే ఆ పాత చిప్‌లా ప్రవర్తించే సాఫ్ట్‌వేర్. పగటివేషగాడు అనుకోండి. ఫామికామ్ చిన్న వేషం, ఎంత చవక చిప్ అయినా అవలీలగా కట్టేస్తుంది. 1990 నాటి సూపర్ ఫామికామ్, 2001 నాటి గేమ్‌బాయ్ అడ్వాన్స్, 1994లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ వరకూ మీ బడ్జెట్‌లో హాయిగా నడుస్తాయి. నింటెండో 64, సోనీ వారి చేతి కన్సోల్ పీఎస్‌పీలలో కొన్ని ఆటలు బాగానే ఆడతాయి, కొన్ని కుంటుతాయి. ప్లేస్టేషన్ 2 దగ్గర కథ మారిపోతుంది. అందులో ప్రధాన ప్రాసెసర్, దానికి తోడు లెక్కలు చేసిపెట్టే రెండు వెక్టర్ యూనిట్లు, విడిగా గ్రాఫిక్స్ చిప్ ఒకేసారి పనిచేసేవి. ఒకే వేషగాడు రాముడు, రావణుడు, హనుమంతుడు ముగ్గురినీ ఒకే రంగంలో, ఎవరి పద్యం ఎక్కడా తప్పకుండా ఆడాలన్నమాట. దానికి రెట్రాయిడ్ పాకెట్ 5 అనే కన్సోల్‌లో ఉన్న స్నాప్‌డ్రాగన్ 865 లాంటి చిప్ కావాలి. అది మీరు చెప్పిన డబ్బుకు రాదు. ఈ ధరలో ‘పీఎస్2’ అని రాసినవాళ్ల దగ్గర ఇంకేమీ కొనకండి.

ఇక 20 వేల ఆటలు. పసుపు పచ్చ క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని ఉండేది గుర్తుందా? లోపల ఉన్న పాతిక ముప్ఫై ఆటలే పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి. ఇదీ ఆ వంశమే. ఒకే ఆట జపాన్ కాపీ, అమెరికా కాపీ, యూరప్ కాపీ, ఎవరో మార్చిన కాపీ, అన్నీ కలిపి లెక్క చెబుతారు. ఆ సంఖ్యను చూసి కొనడం బియ్యం గింజలు లెక్కపెట్టి బస్తా కొనడం లాంటిది.

మీకు నేను చెప్పేది ఆన్‌బెర్నిక్ కంపెనీ ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్ హెచ్. మూడున్నర అంగుళాల స్క్రీన్, 640 గుణించు 480 పిక్సెళ్లు. పాత టీవీ నిష్పత్తి 4:3 కాబట్టి పాత ఆటలు స్క్రీన్‌ను చక్కగా నింపుతాయి. అడ్డంగా పట్టుకునే ఆకారం పిల్లల చేతికి సౌకర్యం. అన్నిటికన్నా ముఖ్యం, దానికి మినీ హెచ్‌డీఎంఐ రంధ్రం, బ్లూటూత్ ఉన్నాయి. అంటే టీవీకి కలిపి, విడిగా రెండు కంట్రోలర్లు జోడించి, మీరూ అబ్బాయీ పక్కపక్కన కూర్చుని ఆడవచ్చు. చాలామంది మెచ్చుకునే మియూ మినీ ప్లస్ జేబులో ముద్దుగా ఇమిడిపోతుంది, నాకూ ఇష్టమే. కానీ దానికి టీవీ అవుట్ లేదు. బాగా చవకగా దొరికే ఆర్36ఎస్‌కూ లేదు. పైగా ఆర్36ఎస్‌కు నకళ్లు ఎక్కువ. లోపల వేరే స్క్రీన్, వేరే బోర్డు ఉంటే ఆర్క్ ఓఎస్ లాంటి మెరుగైన సాఫ్ట్‌వేర్ వేసినప్పుడు నల్ల తెరే మిగులుతుంది. నకలు యంత్రాలతో పెరిగిన మనం ఇప్పుడు నకలుకు నకలు కొంటున్నాం.

టీవీకి కలిపాక మారియో అర క్షణం ఆలస్యంగా ఎగురుతున్నాడనిపిస్తే తప్పు మీ వేళ్లది కాదు. బొమ్మను అందంగా దిద్దడానికి టీవీ తీసుకునే సమయమది. టీవీ సెట్టింగుల్లో ‘గేమ్ మోడ్’ ఆన్ చేయండి.

కన్సోల్ పెట్టెలో వచ్చే మెమరీ కార్డును నమ్మవద్దు. ఒకసారి నేను కొన్నదానిలో కార్డు మూడో నెలలోనే చచ్చిపోయింది. మా అబ్బాయి సగం వరకూ ఆడి దాచుకున్న ఆటలన్నీ దానితోనే పోయాయి. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. కొన్న రోజునే మంచి కంపెనీ కార్డు ఇంకొకటి కొని, పాతదానిలోని సిస్టమ్‌ను కంప్యూటర్ ద్వారా దానిలోకి ఎక్కించండి. మిగిలే డబ్బును కంట్రోలర్ల మీద పెట్టండి.

కొనేది విదేశం నుంచి వచ్చే సరుకే కాబట్టి నేరుగా తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం మీ మీదే పడవచ్చు, చెడితే ఇక్కడ వారంటీ అక్కరకు రాదు. ఎలాగూ చెన్నై వెళ్లే పని ఉంటే రిచీ స్ట్రీట్‌లో వాకబు చేయండి. దొరికితే బటన్లు నొక్కి చూసి కొనవచ్చు. దిశల బటన్ మీద వేలు పెట్టి పక్కకు మాత్రమే నొక్కి చూడండి. బొమ్మ పక్కకు వెళ్లకుండా ఐమూలగా జారితే తిరిగి ఇచ్చేయండి.

మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఎమ్యులేటర్ తయారు చేయడం, వాడటం తప్పు కాదు. ప్లేస్టేషన్ తయారుచేసిన సోనీకీ, దానికి ఎమ్యులేటర్ రాసిన కనెక్టిక్స్ కంపెనీకీ నడిచిన వివాదంలో అమెరికా అప్పీలు కోర్టు 2000లో కనెక్టిక్స్ ఎమ్యులేటర్ వైపే తీర్పు చెప్పింది. ఆటల సంగతి వేరు. మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, ప్రోగ్రామును న్యాయంగా కలిగి ఉన్నవారు పాడవుతుందన్న భయంతో దానికి నకలు తీసుకోవడానికి ఒప్పుకుంటుంది. ఎవరో కార్డులో 20 వేల ఆటలు పోసి అమ్మడానికి కాదు. అందుకే ఎక్కడ దించుకోవాలని నన్ను అడగకండి. కొత్తగా, న్యాయంగా దొరికేవి చెబుతాను. మైక్రో మేజెస్ అని 2019లో ఫామికామ్ తరహా యంత్రం కోసమే రాసిన ఆట ఉంది. మొత్తం 40 కిలోబైట్లు, నలుగురు కలిసి ఆడవచ్చు, కొంటే ఎమ్యులేటర్‌లో వేసుకునే ఫైలు కూడా ఇస్తారు. టోబు టోబు గర్ల్ అనే గేమ్‌బాయ్ ఆట ఉచితం. 1993 నాటి డూమ్ అనే కాల్పుల ఆట మొదటి భాగాన్ని దాని తయారీదారులే అందరూ పంచుకోవచ్చని వదిలారు. అది మాత్రం మీకే, అబ్బాయికి వద్దు.

ప్రశ్న: ఒంగోలు నుంచి రాస్తున్నాను. కొత్తగా కొన్న చిన్న కన్సోల్ నా ఫోను ఛార్జర్‌తో అసలు ఛార్జ్ కావడం లేదు. పాడైనట్టేనా?

జవాబు: కాకపోవచ్చు. మీ ఫోను ఛార్జర్ తీగకు రెండు వైపులా టైప్ సీ ఉందేమో చూడండి. అలాంటి ఛార్జర్, అవతల ఉన్నది కరెంటు తీసుకునే పరికరమేనని తేలేవరకూ కరెంటు వదలదు. ఆ ఆనవాలు ఇవ్వడానికి పరికరంలో 5.1 కిలో ఓముల రెసిస్టర్లు రెండు ఉండాలి. చవక కన్సోళ్లలో కొందరు తయారీదారులు పైసలకు దొరికే వాటిని కూడా మిగుల్చుకుంటారు. ఇంట్లో పాత ఛార్జర్, వెడల్పు పిన్ను ఉన్న సాధారణ 5 వోల్టులది ఉంటే దానితో పెట్టి చూడండి. మీ ఊరి ఎండల్లో కారులో మాత్రం వదిలి వెళ్లకండి, బ్యాటరీ ఉబ్బుతుంది.

ప్రశ్న: గూడూరు నుంచి. ఫోనులోనే ఇవన్నీ ఆడవచ్చు కదా, వేరే యంత్రం ఎందుకు?

జవాబు: ఆడవచ్చు. ఆండ్రాయిడ్‌లో రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్ యాప్ ఉచితం. ఐఫోన్‌లోనూ ఆపిల్ 2024 ఏప్రిల్ నుంచి ఎమ్యులేటర్లను అనుమతిస్తోంది. మీ ఫోను చిప్ ఈ చిన్న కన్సోళ్ల కన్నా ఎన్నో రెట్లు బలమైనదే అయి ఉంటుంది. గాజు మీద మాత్రం ఆడకండి. బొటనవేలు సగం బొమ్మను కప్పేస్తుంది, బటన్ ఎక్కడుందో వేలికి తెలియదు. ఫోనును మధ్యలో బిగించే కంట్రోలర్ ఒకటి కొంటే సరిపోతుంది. సరిగ్గా దూకే వేళకు బ్యాంకు నుంచి ఫోన్ వస్తే ఆ బాధ మీరే పడాలి.

ప్రశ్న: కందుకూరు నుంచి. కాంట్రాలో 30 ప్రాణాల కోడ్ కొత్త కన్సోల్‌లో పని చేయడం లేదు.

జవాబు: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. క్రమం ఇదే. మీ కన్సోల్‌లో ‘ఎ’, ‘బి’ తారుమారై ఉండవచ్చు. ఆటలో ఏది ఎగురుతుందో నొక్కి చూడండి, ఎగిరేదే ‘ఎ’. టైటిల్ తెర మీద ఉండగానే కొట్టాలి, నమూనా ఆట మొదలైతే ఫలించదు. ఇద్దరు ఆడాలంటే ‘ఎ’ తర్వాత ‘సెలెక్ట్’ ఒకసారి నొక్కి, అప్పుడు ‘స్టార్ట్’ నొక్కండి. ఈ జవాబును కావలి పాఠకుడు కూడా కత్తిరించి దాచుకోవచ్చు.