వదులైన ఎలుగుబొమ్మ కాలూ, కంప్యూటర్ సైన్సు సీటూ

ప్రశ్న: కావలిలో చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటున్నాను. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఏడాదిగా వీడియోలు చూసి తల, కాళ్ళు, చేతులు తిరిగే టెడ్డీబేర్లు కుడుతోంది. ఇప్పటికి ఏడు కుట్టి, రెండు అమ్మింది, ఒక్కొక్కటి 1,200 రూపాయలకు. సామానుకు 450 దాకా అవుతోంది, ఒకటి కుట్టడానికి పూర్తిగా రెండు రోజులు పడుతోంది. అమ్మినవాటిలో ఒకదానికి వారం తిరక్కముందే కాలు వదులై వేలాడితే కొన్నవాళ్ళు తిరిగి పంపేశారు. అయినా బీటెక్ వద్దు, ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టుకుని ఇదే చేస్తానంటోంది. వాళ్ళమ్మకు నిద్ర పట్టడం లేదు. కంప్యూటర్ సైన్సులో చేర్పించాలా, డిజైన్ కోర్సులోనా, లేక దాని మాటే వినాలా? మూడింటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: ఒక ఇంట్లో కేకులు, ఒక ఇంట్లో మెహందీ, మీ ఇంట్లో ఎలుగుబొమ్మలు. ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఇదే. అడిగేది కోర్సు గురించి, భయం ఇంకోచోట ఉంటుంది. 'ఇంత కష్టపడి చదివిస్తే బొమ్మలు కుట్టుకుంటోందని నలుగురూ అనుకోరా' అన్నది మీ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు గానీ ప్రతి వాక్యంలోనూ వినిపిస్తోంది. పోలిక తర్వాత చెబుతాను. ముందు ఆ వేలాడిన కాలు సంగతి చూద్దాం, ఎందుకంటే పాపకు ఈ పని చేతకాదనడానికి సాక్ష్యంలాగా మీరు దాన్ని ముందు పెట్టారు.

కాలు తిరిగే బొమ్మలో లోపలేముందో ఎప్పుడైనా చూశారా? కాలు లోపలివైపు ఒక హార్డ్‌బోర్డు బిళ్ళ, దాని మీద ఇనుప వాషరు, రెండింట్లోంచీ ఒక కాటర్ పిన్ను, అంటే సగానికి మడిచి రెండు కొనలు మిగిల్చిన ఇనుప తీగ. పిన్ను తల కాలి లోపలే ఉండిపోతుంది, రెండు కొనలూ గుడ్డ దాటి ఒంట్లోకి దూరతాయి. ఒంటి లోపల మళ్ళీ ఒక బిళ్ళ, ఒక వాషరు. అక్కడ ఆ రెండు కొనల్నీ నోస్ ప్లయరుతో చెరోవైపు చుట్టగా తిప్పి వాషరు మీదికి అదమాలి. తలకొకటి, చేతులకు రెండు, కాళ్ళకు రెండు. అంటే ఒక్క బొమ్మకు 5 పిన్నులు, 10 బిళ్ళలు, 10 వాషర్లు.

వారంలో వదులైందంటే ఎక్కువగా ఆ కొనల దగ్గరే తేడా. వాటిని చుట్ట తిప్పకుండా, ఫైలులో కాగితాలకు క్లిప్పు వంచినట్టు రెండువైపులా పడుకోబెడితే వాషరుకూ వాటికీ మధ్య సందు మిగులుతుంది. చేత్తో చూసినప్పుడు గట్టిగానే ఉంటుంది. తిప్పుతూపోతే రెండు గుడ్డల మధ్య బొచ్చు అణిగి ఆ సందు బయటపడుతుంది. అందుకే దూది నింపకముందు జాయింటు అతిగా బిగుసుకున్నట్టే ఉండాలి, కాలు తిప్పితే మొరాయించాలి. నింపాక ఎలాగూ సర్దుకుంటుంది. ముందే హాయిగా తిరిగితే తర్వాత వేలాడక తప్పదు.

రెండో అనుమానం బిళ్ళ మీద. పాత క్యాలెండరు అట్ట కత్తిరించి పెట్టి ఉంటే అది పళ్ళెంలా వంగిపోతుంది. అడుగు ఎత్తు బొమ్మకైతే కాలికి 45, చేతికి 35 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు బిళ్ళ దాదాపుగా సరిపోతుంది. కాలు పైభాగం వెడల్పుకన్నా పిసరంత తక్కువ ఉండాలంతే. మరీ చిన్నదైతే దూదిలోకి కూరుకుపోతుంది. బిళ్ళ చుట్టూ దూది కూడా చిన్న చిన్న ముక్కలుగా, కర్రతో కూరి కూరి నింపాలి. పిడికెడు పిడికెడు తోస్తే అక్కడే గుల్ల పడుతుంది.

గుడ్డ సంగతి కూడా ఉంది. మన దగ్గర దొరికే ఫర్ క్లాత్‌కు వెనక అల్లిక బనియను గుడ్డలా సాగుతుంది. విదేశాల్లో ఇలాంటి బొమ్మలకు వాడే మోహేర్, అంటే అంగోరా మేక బొచ్చుతో చేసింది, వెనక నేత గుడ్డ కాబట్టి సాగదు. మోహేర్ పాఠాలు చూసి ఫర్ క్లాత్ మీద కుడితే పిన్ను దూర్చిన రంధ్రం రోజురోజుకీ పెద్దదవుతుంది. మందు తేలికే. జాయింటు వచ్చేచోట వెనకవైపు రూపాయి బిళ్ళంత ఫ్యూజింగ్ ముక్క, టైలర్లు కాలర్లకు వేసేదే, తక్కువ వేడితో అంటించాలి. వేడెక్కువైతే బొచ్చు కరిగి ముద్దవుతుంది. రంధ్రం కత్తెర మొనతో పొడవకూడదు, చెప్పులు కుట్టే ఆరతో పోగుల్ని పక్కకు జరిపి చెయ్యాలి.

మనది సముద్రపుగాలి తగిలే ఊరు కాబట్టి ఇంకొక్క మాట. మామూలు ఇనుప పిన్నులు తుప్పు పడతాయి, లేతరంగు గుడ్డ మీద ఆ మరక పైకి తేలుతుంది. కార్తీకం వానల్లో హార్డ్‌బోర్డు చెమ్మ పీల్చి ఉబ్బుతుంది. జింకు పూతవో స్టెయిన్‌లెస్ స్టీలువో పిన్నులు వాడి, బిళ్ళలకు ఒక పూత వార్నిష్ కొట్టి ఆరబెట్టుకోవాలి.

ఇంత చెప్పింది ఎందుకంటే, ఈ వదులు కాలుకు నూట ఇరవై ఏళ్ళ చరిత్ర ఉంది. 1902లో జర్మనీలో రిచర్డ్ స్టైఫ్ కాళ్ళూ చేతులూ కదిలే ఎలుగుబొమ్మను తయారుచేసినప్పుడు వాటిని దారంతో కట్టారు. అవి వదులయ్యేవి. తర్వాత ఇనుప కడ్డీలు పెట్టి చూశారు, ఆ తర్వాతే బిళ్ళల జాయింటుకు వచ్చారు. ఆ కంపెనీ ఎదుర్కొన్న చిక్కే మీ పాపకూ ఎదురైంది. కాలు వేలాడినందుకు మూలన కూర్చుని ఏడ్చిందా, విప్పి చూసిందా? నాకు తెలియాల్సింది ఇదొక్కటే, మీరు రాయనిదీ ఇదొక్కటే.

కోప్పడకండి, ఇంకో మాట అడుగుతాను. ఏడు బొమ్మల్లో ఒక్కదాన్నైనా మీరు చేతిలోకి తీసుకుని చూశారా? వాటి గురించి మీరు రాసినవన్నీ అంకెలే కాబట్టి చూడలేదనే అనిపిస్తోంది. ఒక బొమ్మకు చెవులు, అరచేతులు, అరికాళ్ళతో కలిపి ఇరవై పైచిలుకు ముక్కలు కత్తిరించాలి. ప్రతి ముక్క మీదా బొచ్చు వాలు బాణం గుర్తు ఒకే వైపుకు ఉండాలి. బొచ్చు తెగకుండా కత్తెర మొనతో వెనక గుడ్డను మాత్రమే కొయ్యాలి. కాళ్ళు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా తిరగేసి గీసుకోకపోతే రెండూ ఎడమకాళ్ళే అవుతాయి, అప్పటికి గుడ్డ తెగిపోయి ఉంటుంది. కుట్టాక కుట్టులో చిక్కుకున్న బొచ్చును సూదిమొనతో ఒక్కొక్క పోగూ బయటికి లాగాలి. కళ్ళు పెట్టేముందు గుండుసూదులు గుచ్చి చూసుకోవాలి, ఒక్క గింజంత పక్కకు జరిగితే ముఖం బెదిరినట్టో మొద్దుగానో అయిపోతుంది. వీడియోలు చూసి ఇదంతా ఏడుసార్లు చేసిన పిల్లకు ఓపిక లేదనడానికి లేదు. ఫిజిక్సు పుస్తకం ముందు ఇంతసేపు కూర్చోవడం లేదన్నది మీ అసలు ఫిర్యాదైతే, అది వేరే సంగతి.

ఇక పాప కోరుకుంటున్న దారి. ఇక్కడ నేను మీ పక్షమే, కారణాలు మాత్రం మీవి కావు. ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టి చేతిపనితో బతకడం ఇప్పుడు అందరికీ మహా తేలిగ్గా కనిపిస్తోంది. మీరు రాసిన అంకెలే తీసుకుందాం. 1,200లో సామాను 450 పోతే 750. రెండు రోజులంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున 16 గంటలు. గంటకు 47 రూపాయలు కూడా పడలేదు. ఇందులో ఫొటోలు, పార్సిలు డబ్బా, కొరియరు, 'తగ్గిస్తారా' అని అడిగేవాళ్ళకు జవాబులు, తిరిగొచ్చిన బొమ్మ, ఏవీ లెక్కలోకి రాలేదు. ధర పెంచాలంటే కొనేవాళ్ళు మారాలి. నెల్లూరు ట్రంకురోడ్డు మీద ఫ్యాక్టరీ టెడ్డీ బేరమాడి కొనేవాళ్ళు జాయింట్లున్న బొమ్మకు మూడు నాలుగు వేలు పెట్టరు. ఆ విలువ తెలిసినవాళ్ళు ఇలాంటివి సేకరించేవాళ్ళు, ఎక్కువమంది బయటి దేశాల్లోనే. వాళ్ళు మోహేర్ అడుగుతారు, గాజు కళ్ళు అడుగుతారు, మూతి కుట్టులో ఒక్క పోగు పక్కకు పోయినా గుర్తుపడతారు. అక్కడికి చేరేదాకా పాప పని చాలా పదును తేలాలి. ఏడు బొమ్మలతో కాదు, బహుశా డెబ్బైతో.

ఇంకోటి, పేజీల్లో కనిపించే జోరంతా బొమ్మల అమ్మకం వల్లే అనుకోకూడదు. చాలామంది నేర్పే కోర్సులూ, కుట్టు కిట్లూ అమ్ముకుంటారు. కొత్తగా చేరే పిల్లలే వాళ్ళ గిరాకీ. ఈ తేడా పాపకు ఎవరో ఒకరు చెప్పాలి. చీవాట్లుగా కాదు, లెక్కగా.

చట్టం కూడా ఉంది. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయంలో నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మేవాటికి ఆ ఉత్తర్వులో మినహాయింపు ఇచ్చారు. కాబట్టి వ్యాపారం అనేముందు ఆ నమోదు సంగతి చూసుకోవాలి. ఆ నమోదు ఉన్నా లేకున్నా, గాజు కళ్ళూ ఇనుప పిన్నులూ ఉన్న బొమ్మ మూడేళ్ళలోపు పిల్లల చేతికి పోకూడదు. ఊడిన కన్ను నోట్లోకే వెళ్తుంది. పసిపిల్లలున్న ఇంటివాళ్ళు అడిగితే కళ్ళు దారంతో కుట్టి, జాయింట్లు లేకుండా మెత్తటి బొమ్మ ఇవ్వమనండి, లేదా అమ్మవద్దనండి.

పోలిక అడిగారు కదా. పరీక్షల తేదీలూ సిలబస్సూ ఏ కాలేజీలోనైనా చెబుతారు, వదిలేస్తున్నాను. కంప్యూటర్ సైన్సు మంచిదే, ఇష్టమున్నవాళ్ళకు. పక్కింటి అబ్బాయి చేరాడని, పేరు చివర ఏఐ ఉందని మేనేజ్‌మెంట్ సీటుకు అప్పు చేస్తే మాత్రం ఆ అప్పుకు ఎవరూ హామీ ఇవ్వరు. ఎంపీసీ చదువుతూ జాయింటు ఎందుకు వదులవుతుందని బుర్ర బద్దలు కొట్టుకునే పిల్లకు మెకానికల్ ఎందుకు గుర్తురాలేదు మీకు? కాటర్ పిన్ను వాళ్ళదే. 'ఆడపిల్లకు మెకానికల్ ఏంటి' అనబోతున్నారు, అనకండి. డిజైన్ అయితే నిడ్ (జాతీయ డిజైన్ సంస్థ), నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) రెండింటికీ ఇంటర్‌లో ఏ గ్రూపైనా పనికొస్తుంది. నిడ్ మన రాష్ట్రంలోనూ ఉంది. బొమ్మలూ ఆటల డిజైనుకే ప్రత్యేకంగా పీజీ కోర్సు గాంధీనగర్ క్యాంపస్‌లో ఉంది, డిగ్రీ తర్వాత అటువైపు వెళ్ళొచ్చు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, ఒక ఏడాది రాకపోవచ్చు. నూటికి నూరు శాతం ఉద్యోగం అంటూ లక్షల ఫీజు చెప్పే ప్రైవేటు డిప్లొమాల జోలికి వెళ్ళొద్దు. పాప నన్ను అడిగితే డిజైనూ మెకానికలూ రెంటికీ దరఖాస్తు చెయ్యమంటాను. ఏది వచ్చినా బొమ్మలు ఆగక్కర్లేదు.

వాళ్ళమ్మగారికి ఒక మాట. బొమ్మలు కుట్టే పిల్లకు సంబంధాలు రావేమోనన్న బెంగ పదిహేడేళ్ళకే పెట్టుకోవద్దు. ఇప్పుడు ఆ అమ్మాయికి కావాల్సింది పరీక్షల దాకా రాత్రిళ్ళు నిద్ర, మీ ఇద్దరి ముఖాల్లో కాస్త తేట.

పరీక్షలయ్యాక వేసవిలో పది బొమ్మలు కుట్టమనండి, అమ్మడానికి కాదు. ఒక నోటుపుస్తకంలో కత్తిరింపుకెంత, కుట్టుకెంత, జాయింట్లకెంత, దూదికెంత, ముఖానికెంత అని టైము రాయాలి. మీ కొట్టు ఖాతా రాసినట్టే. అయినదాన్ని బీరువా మీద కూర్చోబెట్టి పది రోజులపాటు రోజూ కాళ్ళూ చేతులూ ఇరవైసార్లు తిప్పాలి. పదకొండో రోజు చెయ్యి పైకెత్తి వదిలితే అక్కడే నిలవాలి. పదో బొమ్మకు వచ్చేసరికి 16 గంటలు పది గంటలకు దిగి, చేతులు నిలిస్తే అప్పుడు పేజీ గురించి మాట్లాడుకోవచ్చు. దిగకపోతే ఆ పుస్తకమే పాపకు చెబుతుంది, మీరు నోరు చేసుకోనక్కర్లేదు.

తిరిగొచ్చిన బొమ్మను మాత్రం అంతదాకా ఆపొద్దు. వీపు కుట్టూ, ఆ కాలి కుట్టూ విప్పి దూది తియ్యాలి. కాటర్ పిన్ను బదులు చిన్న బోల్టు, లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు పెట్టొచ్చు, హార్డ్‌వేర్ కొట్టులో అడిగితే ఇస్తారు. అది దానంతటది వదులు కాదు. ఒక్కటే చిక్కు, స్పానరుతో నట్టు బిగిస్తుంటే కాలి లోపల బోల్టు కూడా తిరిగిపోతుంది. కాలి లోపలికి వేళ్ళు పెట్టి దాని తలను కదలకుండా పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. ఈ ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేశాక మీరు పట్టుకోండి.