రొట్టెలు కాల్చే కొట్టుకే నా ఓటు

"అమెరికాలో వాల్‌మార్ట్, కాస్ట్‌కో లాంటి పెద్ద స్టోర్లు ఉండగా హెచ్‌ఈబీ, పబ్లిక్స్ లాంటి లోకల్ సూపర్ మార్కెట్లంటే జనానికి ఎందుకంత పిచ్చి? కొత్తగా వచ్చినవాళ్లు సరుకులు ఎక్కడ కొనుక్కోవాలి?" అని అడిగారు.

పదకొండేళ్లుగా టెక్సాస్‌లో, ఆస్టిన్ పక్కన సీడార్ పార్క్‌లో ఉంటున్నాను కాబట్టి నా జవాబు మా టెక్సాస్ కొట్టు హెచ్‌ఈబీ. ధరల పట్టికలు నా దగ్గర లేవు, మా అమ్మ కథ ఉంది.

2019 వేసవిలో అమ్మ నరసరావుపేట నుంచి వచ్చింది. వచ్చిన రెండో రోజే ఉత్సాహం కొద్దీ ఊరంత ఉండే ఒక పెద్ద స్టోర్‌కి తీసుకెళ్లాను (పేరెందుకులెండి). కొత్తిమీర కోసం ఆ చివర, కోడిగుడ్ల కోసం ఈ చివర. ఆవిడ మోకాళ్లు పట్టేసి, అమ్మకానికి పెట్టిన పెరటి కుర్చీల్లో ఒకదాని మీద కూర్చుంది. రెండు నిమిషాలు కాలేదు, ఒక కుర్రాడు వచ్చి లేవమన్నాడు. "కుర్చీలు కూర్చోడానికి కాకపోతే ఎందుకురా?" అంది అమ్మ. నా దగ్గర సమాధానం లేదు.

ఆ శనివారం హెచ్‌ఈబీకి వెళ్లాం. మా దగ్గరి స్టోర్లో బేకరీ పక్కనే టోర్టిల్లాలు, అంటే మెక్సికన్ రొట్టెలు, చేసే మెషీన్ ఉంటుంది. పిండి ముద్దలు ఒకటొకటిగా వచ్చి, అప్పడంలా ఒత్తుకుని, వేడి బెల్టు మీద పొంగుతూ పోతుంటాయి. అమ్మ బండి వదిలేసి అక్కడే నిలబడిపోయింది. "మైదారా ఇది, గోధుమ పిండి కాదు. ఇంకొంచెం కాలాలి" అని తీర్పు కూడా ఇచ్చింది. రొట్టెలు సర్దుతున్న మెక్సికన్ ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి స్పానిష్ రాదు. అమ్మ చేత్తో రొట్టె తిరగేస్తున్నట్టు చూపించింది. ఆవిడ పకపకా నవ్వి, వేడి వేడిది ఒకటి కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. డబ్బులు అడగలేదు.

ఆ తర్వాత ఆరు నెలలూ అమ్మ వేరే స్టోర్ గడప తొక్కలేదు. ఒకసారైతే ఆ రొట్టెల ఆవిడ కోసం నాకు తెలియకుండా సంచిలో రెండు సున్నుండలు రేకు కాగితంలో చుట్టి తెచ్చింది. నాకు ఒకటే టెన్షన్, ఇలాంటివి ఇవ్వచ్చో లేదో అని. ఆ మెక్సికన్ ఆవిడ మాత్రం అటూ ఇటూ చూసి చటుక్కున ఏప్రన్ జేబులో వేసుకుంది.

ఆ కొట్టు పుట్టుక కూడా అలాంటిదే. 1905లో కెర్‌విల్ అనే చిన్న ఊళ్లో, భర్తకి క్షయ వస్తే ఇల్లు గడవడానికి ఫ్లోరెన్స్ బట్ అనే ఆవిడ 60 డాలర్లతో ఇంటి కింది భాగంలో మొదలుపెట్టింది. ఈ రోజుకీ ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది, షేర్ మార్కెట్‌కి వెళ్లలేదు. నన్నడిగితే అసలు కిటుకు అదే. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో మా పక్క ఊరు లియాండర్‌లో హెచ్‌ఈబీకి కరెంటు పోతే, బండ్లు నింపుకుని నిలబడ్డ జనాన్ని డబ్బులు కట్టకుండానే ఇళ్లకి పంపేశారు. నేను ఆ లైన్లో లేను, ఉన్నానని చెప్పుకునేవాళ్లు మాత్రం మా కాలనీలోనే పదిమంది ఉన్నారు.

ఇది టెక్సాస్ పిచ్చి మాత్రమే కాదు. ఫ్లోరిడాలో ఉండే మా పెదనాన్న కొడుకు పబ్లిక్స్ తప్ప ఇంకోటి కొట్టే కాదంటాడు. అక్కడ గుమ్మం దగ్గర మనుషుల బరువు చూసే పెద్ద కాటా ఉంటుంది, మన రైల్వే స్టేషన్లో మెషీన్‌లాగా, కాకపోతే రూపాయి బిళ్ల వెయ్యక్కర్లేదు, జాతకం చీటీ రాదు. మిషిగన్ వాళ్లనడగండి, మైయర్‌లో పిల్లలు ఒక్క సెంటుకి ఎక్కే గుర్రంబొమ్మ గురించి చెబుతారు. అదీ బోలెడంత పెద్ద స్టోరే, అయినా వాళ్లకి అది సొంత ఊరి కొట్టు.

మన వాళ్ల సంగతి వేరు. శనివారం పొద్దున్నే వాట్సాప్‌లో "మామిడిపళ్ల పెట్టెలొచ్చాయి" అని మెసేజ్ రావడం ఆలస్యం, ముప్పై మైళ్లయినా బయల్దేరతారు. ఆదా లెక్కలన్నీ ఎక్సెల్ షీట్లో రాసుకునే మా బావమరిది పాలకూర చవగ్గా వస్తోందని తలగడంత డబ్బా తెచ్చాడు. మూడు రోజులు పప్పు, ఒకరోజు పకోడీ, మిగిలింది చెత్తబుట్టకి. ఆ లెక్క మాత్రం అందులో రాయడు.

కొత్తగా వచ్చినవాళ్లకి చెప్పేది ఒకటే. బియ్యం, పప్పులు ఎలాగూ ఇండియన్ స్టోర్లోనే. టాయిలెట్ పేపర్, డిటర్జెంట్ లాంటివి పెద్ద స్టోర్లో తెచ్చి గరాజ్‌లో పడేసుకోండి, కుళ్లవు. పాలు, కూరగాయలు, పళ్లు మాత్రం మీ ఊరి కొట్లో. డాలస్ వైపు ఉంటే 2022 నుంచి ఫ్రిస్కో, ప్లేనోల్లో కూడా హెచ్‌ఈబీ ఉంది. ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్లకండి, పార్కింగ్ దొరకదు. టోర్టిల్లా ప్యాకెట్ పట్టుకుని చూడండి, వేడిగా ఉంటేనే బండిలో వేసుకోండి.