మన తూర్పు కనుమల వయసు ఒక్కొక్కరు ఒక్కోలా ఎందుకు రాస్తారు?

మీరు అడిగింది రెండు సంగతులు. మన విజయనగరం, శ్రీకాకుళం కొండల వయసు ఒకచోట 100 కోట్ల ఏళ్ళు, ఇంకోచోట 50 కోట్లు, మరోచోట 160 కోట్లు అని కనిపిస్తోంది, అంటే వీళ్ళంతా ఊహించి రాస్తున్నారా అని ఒకటి. ఒకప్పుడు ఇవి హిమాలయాలంత ఎత్తుండేవట, నిజమేనా అని రెండోది. నేను ఎమ్మెస్సీ జియాలజీలో ప్రాజెక్టు ఎస్.కోట దగ్గర కొండల్లో చేశాను, అది కూడా తప్పుగా చేశాను కాబట్టి ఈ ప్రశ్నకు నాకు కొంచెం హక్కుంది.

మేం ఓ క్వారీ పక్కన రాళ్ళు కొడుతుంటే అక్కడ పనిచేసే తాత ఒకాయన "ఏటి బాబూ, గుల్లరాయి కోసం ఇంత దూరం వచ్చినారా" అని నవ్వాడు. ఆయన గుల్లరాయి అన్నది ఖోండలైట్. కోందు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే ఆయన పెట్టిన పేరు. కోణార్క గుడి కట్టింది కూడా ఈ రాయితోనే. ఎప్పుడో నీటి అడుగున పేరుకున్న బంకమట్టి, ఇసుక భూమి లోపలికి దిగిపోయి, అక్కడి వేడికి, ఒత్తిడికి గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలున్న రాయిగా మారింది. మట్టికి ఈ గతి పట్టిందంటే ఖండాలు గుద్దుకున్నచోట తప్ప మామూలుగా జరగదు. పక్కనే ఉండే నల్లరాయి చార్నొకైట్. నా శాంపిల్ అదే.

తప్పు ఎక్కడ చేశానంటే, రాయిని 0.03 మిల్లీమీటర్ల పలచగా అరగదీసి మైక్రోస్కోపు కింద చూశాం, తర్వాత బయట ల్యాబులో గార్నెట్, పైరాక్సిన్ గింజలు తాకే అంచు దగ్గర ఇనుము, మెగ్నీషియం ఎంతెంత ఉన్నాయో కొలిపించాం. ఈ రెండు ఖనిజాలు ఆ రెండింటినీ ఎలా పంచుకుంటాయన్నది వేడిని బట్టి మారుతుంది, అందుకే అది ఒకరకం థర్మామీటరు. నాకు 700 చిల్లర డిగ్రీలు వచ్చింది. ఈ రాయి చూసిన గరిష్ఠ వేడి ఇదే అని ధీమాగా రాసేశాను. మా గైడ్ ఆ పేజీ చూసి, "ఇది రాయి ఉడికినప్పటి వేడి కాదు, చల్లారుతూ చల్లారుతూ ఆ పంపకం ఆగిపోయినప్పటి వేడి" అన్నారు. అన్నం ఉడికి గంట గడిచాక గిన్నె పట్టుకుని, ఇంత గోరువెచ్చని నీళ్ళలో బియ్యం ఎలా ఉడికాయబ్బా అన్నట్టుంది నా లెక్క. ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు, సబ్మిషన్‌కి పది రోజులే ఉంది మరి, టెన్షన్.

అసలు వేడి తెలియాలంటే అంత తేలిగ్గా కదలనిదాన్ని చూడాలి. పైరాక్సిన్‌లోకి చేరిన అల్యూమినియం అలాంటిది, చల్లారినా త్వరగా బయటికి పోదు. అనంతగిరి, పాడేరు వైపు కొన్ని రాళ్ళలో సఫిరిన్ అనే నీలం ఖనిజం క్వార్ట్జ్‌ని ఆనుకుని దొరుకుతుంది. 900 డిగ్రీలు దాటితే గానీ ఆ రెండూ పక్కపక్కన కుదురుగా ఉండవు. అంటే 25–30 కిలోమీటర్ల లోతులో, మామూలుగా ఆ లోతుకి ఉండాల్సిన దానికన్నా ఎంతో ఎక్కువ వేడి.

తర్వాత ఏం జరిగిందో గింజల చుట్టూ కట్టిన అంచులు చెబుతాయి. గార్నెట్ విడిపోయి చుట్టూ పైరాక్సిన్, ఫెల్డ్‌స్పార్ అల్లుకుంటే రాయి పైకి లేచింది, ఒత్తిడి తగ్గింది అని. అలా కాకుండా పైరాక్సిన్ చుట్టూ కొత్తగా గార్నెట్ ఉంగరంలా కడితే రాయి లేవలేదు, ఆ లోతులోనే ఉండి చల్లారింది అని. మన దగ్గర రెండో రకం కూడా బాగానే కనిపిస్తుంది. ఖండాలు గుద్దుకున్నచోటి కొండలన్నీ వెంటనే పైకి తన్నుకొస్తాయని పుస్తకంలో చదువుకున్న నాకు ఇది మింగుడు పడలేదు. దీనిమీద పెద్దవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి, నేను ఏ పక్షమూ కాదు.

ఇప్పుడు వయసు. జిర్కాన్ అనే ఖనిజం గింజ పుట్టేటప్పుడు యురేనియంని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. యురేనియం-238 సగం సీసంగా మారడానికి 447 కోట్ల ఏళ్ళు పడుతుంది, కాబట్టి సీసం లెక్కపెడితే వయసు వస్తుంది. చిక్కేమిటంటే ఒకే గింజలో నడుమ పాత జిర్కాన్, పైన కొత్త పొర ఉంటాయి. నడుమ కొలిస్తే ఆ మట్టి ఏ పాత కొండ నుంచి కొట్టుకొచ్చిందో దాని వయసు, పొర కొలిస్తే వేడెక్కినప్పటి వయసు. రాయిని పొడి చేసి గింజలు ఏరితే ఏది ఎక్కడుండేదో పోతుంది. అందుకే గార్నెట్ లోపల చిక్కుకున్న మొనజైట్ (ఇదీ జిర్కాన్‌లాగే వయసు చెప్పే ఖనిజం) గింజని ఉన్నచోటే కొలవడం నాకు ఎక్కువ నమ్మకం.

ఇక మీరు చూసిన మూడు అంకెలూ ఊహలు కావు. గోదావరికి ఇవతల, అంటే మన వైపు, ప్రధానమైన ఉడుకు సుమారు 100–90 కోట్ల ఏళ్ళ కిందటిది. తూర్పు అంటార్కిటికాలో రేనర్ కాంప్లెక్స్ అనే చోటి రాళ్ళు కూడా ఆ కాలానివే, అప్పట్లో రెండూ కలిసే ఉండేవి. గోదావరికి అవతల ఒంగోలు వైపు ముఖ్యమైన ఘట్టం 160 కోట్లది. 50 కోట్లు అన్నది తర్వాత ఎప్పుడో కొన్నిచోట్ల, ముఖ్యంగా అంచుల్లో, మళ్ళీ కదిలి వేడెక్కినప్పటిది. అన్నీ కలిపి "తూర్పు కనుమల వయసు" అని ఒక్క అంకె రాసేవాళ్ళతోనే గొడవ. అంకె చూస్తే అది ఏ చోటు రాయిది, ఏ ఖనిజానిది, గింజలో ఏ భాగానిది అని అడగండి.

రెండో ప్రశ్న. మనం ఇప్పుడు తొక్కే రాయి మీద ఒకప్పుడు 25–30 కిలోమీటర్ల రాయి ఉండేది, అదంతా అరిగి కొట్టుకుపోయింది. అలాగని 30 కిలోమీటర్ల ఎత్తు కొండ ఉండేదని కాదు. పైన అరిగేకొద్దీ కింద నుంచి లేస్తూ ఉంటుంది, నీళ్ళలో దుంగ పైభాగం చెక్కితే కాస్త పైకి తేలినట్టు. ఎత్తు ఎంతుండేదో చెప్పే ఖనిజం నాకు తెలిసి లేదు, లోతు మాత్రమే చెబుతాయి. పైగా ఈరోజు కనిపించే కొండలు ఆ పాత కొండల మొండాలు కావు. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట అంటార్కిటికా విడిపోయాక తీరం వెంబడి ఏర్పడ్డ అంచు, నదుల కోత కలిసి చేసిన రూపమిది. మందస నుంచి కనిపించే మహేంద్రగిరి 1,501 మీటర్లు, అది ఇప్పటి ఎత్తే.

ఆ అరిగిపోయిన దాంట్లో కొంచెం చూడాలనుంటే కళింగపట్నం బీచ్‌కి వెళ్ళండి. అల వెనక్కి వెళ్ళాక ఇసుకలో ఎర్రటి చారలు మిగులుతాయి. అవి ఈ కొండల గార్నెట్లే, నదులు దించినవి. రాయే కావాలంటే ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కండి, కానీ వాన పడ్డ మర్నాడు వద్దు, పైనుంచి రాళ్ళు దొర్లుతాయి.