పోకర్ బల్ల చౌకగా వస్తోంది, కొనవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే యాప్‌లు మూతపడ్డాక మేము ఆరుగురు స్నేహితులం శనివారం రాత్రుళ్లు మా ఇంట్లోనే పోకర్ ఆడుకుంటున్నాం. డైనింగ్ టేబుల్ మీద ముక్కలు జారిపోతున్నాయని మంచి బల్ల కొందామనుకున్నాం. ఎనిమిది మందికి సరిపోయే కొత్తది 46 వేలు చెబుతున్నారు. మూతపడిన ఒక క్లబ్బువాళ్లది 22 వేలకు వస్తోంది. అది చాలా గట్టిగా ఉంది, గుడ్డ కూడా చిరగలేదు. ఆట ఆటకూ 50 రూపాయలు పక్కన తీసిపెడితే మూడు నెలల్లో బల్ల డబ్బు వచ్చేస్తుందని ఒక మిత్రుడి సలహా. ఇంట్లో బల్ల ఉంటే పోలీసులు కేసు పెడతారని నా భార్య భయపడుతోంది. మా బావమరిది ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడు, అతనూ ఆడతాడు. అన్నట్టు, ఆటలో ఒక మిత్రుడు నాకు 18 వేలు బాకీపడి ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. అది చెల్లుతుందా?

జవాబు: మీ శ్రీమతి భయంలో సగం నిజం ఉంది. మీ మిత్రుడి సలహాలో మాత్రం ప్రమాదం తప్ప మరేమీ లేదు. ముందు ఆయన సంగతి చూద్దాం.

మీకు వర్తించేది 1974 నాటి గేమింగ్ చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ఈ చట్టమే ఇప్పుడు తెలంగాణ గేమింగ్ చట్టంగా అమల్లో ఉంది. పేపర్లలో 'పేకాట స్థావరంపై దాడి, నగదు, సెల్‌ఫోన్లు స్వాధీనం' అని చదువుతుంటారే, ఆ కేసులన్నీ ఎక్కువగా దీని కిందివే. జూదగృహం నడిపేవారికి 3వ సెక్షన్, అందులో ఆడుతూ దొరికినవారికి 4వ సెక్షన్. రెండింటికీ మూలం ఒకటే: ఆ చోటు చట్టం చెప్పే 'కామన్ గేమింగ్ హౌస్' కావాలి. పేకాట వంటి ఆటల విషయంలో ఆ మాటకు అర్థం ఇది: ఆట సామగ్రిని ఇంటి యజమానో, అందులో ఉంటున్నవారో తమ లాభం కోసం ఉంచిన, వాడిన చోటు. ఆ లాభం గదికి అద్దెగా రావచ్చు, బల్లకు అద్దెగా రావచ్చు, ఇంకే రూపంలోనైనా రావచ్చు. ఆట సామగ్రి అంటే పేక ముక్కలు, పాచికలతో పాటు ఆడే బల్లలు, బల్ల మీద పరిచే గుడ్డలు కూడా. అంటే మీరు కొనబోయే వస్తువు పేరు చట్టంలోనే ఉంది. అయితే పేరు ఉన్నంత మాత్రాన బల్ల కలిగి ఉండటం నేరం కాదు. కత్తిపీట ప్రతి ఇంట్లోనూ ఉంటుంది కదా.

ఇప్పుడు ఆట ఆటకూ 50 రూపాయల మాట. ఆ డబ్బు బల్ల ఖర్చుకేనని మీరంటారు. బల్ల ఎవరిది? మీది. ఇల్లు ఎవరిది? మీది. ప్రతి ఆటలోనూ మీ చేతికి కొంత వస్తోందా? వస్తోంది. ఆ మూడు జవాబులు చాలు, మీ హాలు జూదగృహం కావడానికి. మూడు నెలల్లో 22 వేలు వచ్చేశాక వసూలు ఆపేస్తామన్నది మీ మనసులో మాట. ఛార్జిషీటులో దానికి చోటుండదు.

చాలా ఏళ్ల కిందట నేను వాదించిన కేసు ఒకటి గుర్తొస్తోంది. నిందితుడు పేకాట మీద బతికే మనిషి కాదు, కిరాణా వ్యాపారి. దాడిలో అతని ఇంట్లో బల్ల దొరికింది, ముక్కలు దొరికాయి. వాటి గురించి సాక్షులను అడ్డంగా ప్రశ్నించి నెట్టుకురాగలిగేవాణ్ని. అల్మరాలో దొరికిన నోటు పుస్తకమే మా కొంప ముంచింది. సరుకుల లెక్క రాసే అలవాటున్న చెయ్యి కదా, ప్రతి శనివారం కిందా పొందిగ్గా రాశాడు: టీలు 40, పేకలు 120, బల్ల 300. ఆ 'బల్ల 300' దగ్గర మేజిస్ట్రేటుగారు పెన్సిలుతో గీత గీసి, కళ్లద్దాల మీదుగా నావైపు చూశారు. ఇక నేను వాదించడానికి ఏమీ మిగల్లేదు. స్వాధీనమైన ఆ బల్ల స్టేషన్ ఆవరణలో రెండు వానాకాలాలు తడిసి, గుడ్డకు బూజు పట్టి, చివరకు కాకులు వాలే అరుగైంది. ఇప్పుడు నోటు పుస్తకాలు పోయి వాట్సాప్ గ్రూపులు వచ్చాయి. 'శనివారం 9కి, ఎంట్రీ 500, టేబుల్ 50' అని పెట్టిన సందేశం ఆరుగురి ఫోన్లలోనూ భద్రంగా ఉంటుంది.

ఇక ఆ క్లబ్బు బల్ల. క్లబ్బు బల్ల కాబట్టి అది ముక్కలు పంచేవాడు కూర్చునే చోటుతో చేసినదై ఉండవచ్చు. వెళ్లి ఆ చోటును దగ్గరగా చూడండి. చిప్స్ (ఆటలో డబ్బుకు బదులు వాడే బిళ్లలు) పేర్చే ట్రే పక్కన పోస్టు డబ్బా నోరులా సన్నని చీలిక సాధారణంగా ఉంటుంది. వంగి కింద చూస్తే దాని అడుగున తాళం వేసే ఇనుప డబ్బా, లేదా డబ్బా బిగించిన మేకుల గుర్తులు కనిపిస్తాయి. ప్రతి ఆటలో ఇంటివాడి కమీషన్ పడే చోటు అది. సోదాకు వచ్చిన ఇన్‌స్పెక్టరు ముందుగా వేలుపెట్టేది ఆ చీలికలోనే. మీరు ఒక్క రూపాయి తీసుకోకపోయినా, 'ఇది దేనికండీ?' అని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. 22 వేల బల్ల మీద ఆదా చేసే 24 వేలలో కొంత ఖర్చుపెట్టి, ఇంటికి తేకముందే వడ్రంగి చేత ఆ చీలికను పూడ్పించండి. అమ్మినవారి దగ్గర సంతకంతో రశీదు తీసుకోండి. ఆ క్లబ్బు కేసు వల్ల మూతపడిందా, వ్యాపారం లేక మూతపడిందా అన్నది కూడా కనుక్కోండి. కోర్టు సొత్తుగా నమోదైన వస్తువును ఎవరు అమ్మినా అది మీదవదు, పైగా కొత్త తలనొప్పి.

నన్నడిగితే ఆ రెండు బల్లలూ వద్దు. 8 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్ షీటు ఒకటి, కొంచెం ఫోమ్, రెక్సిన్, బల్ల గుడ్డ ఇచ్చి తెలిసిన వడ్రంగికి చెబితే డైనింగ్ టేబుల్ మీద పరుచుకునే మడత పలక చేసిపెడతాడు. మనిషికి రెండు అడుగుల అంచు లెక్కన ఆరుగురికి సరిపోను మిగులుతుంది. మడత లేని ఎనిమిది అడుగుల బల్ల మీ లిఫ్టులో పట్టకపోవచ్చని కూడా గుర్తుంచుకోండి. ఆడిన తర్వాత పలకను మంచం వెనక పెట్టేయవచ్చు. ఏ ఇంట్లోనైనా ఉండే డైనింగ్ టేబుల్‌ను చూసి ఎవరూ అనుమానపడరు.

'పోకర్ నైపుణ్యం ఉన్న ఆట కదా, చట్టం వర్తించదు కదా' అని మీ గుంపులో ఒకరు తప్పక అని ఉంటారు. ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద జరిగిన దాడి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ మధ్య నడిచిన ఆ కేసు తీర్పు 1968 నాటి రిపోర్టుల్లో ఉంది. రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవడం, పట్టుకోవడం, వదలడం నైపుణ్యమేననీ, మూడు ముక్కలాటలా అది కేవలం అదృష్టం మీద ఆధారపడినది కాదనీ కోర్టు చెప్పింది. బిలియర్డ్స్‌కూ టెన్నిస్‌కూ రుసుము వసూలు చేసినట్టే, పేకాటకూ క్లబ్బు కొంత వసూలు చేస్తే, అది మితిమీరనంతవరకు లాభం కోసమనుకోలేమనీ అంది. మన ప్రాంతపు క్లబ్బులు దశాబ్దాలుగా గుండెలకు హత్తుకున్న తీర్పు ఇది. అయితే అది క్లబ్బు, అది పాత హైదరాబాద్ చట్టం, అది రమ్మీ. పోకర్ మీద హైకోర్టులే ఒక మాట మీద లేవు. గుజరాత్ హైకోర్టు 2017లో దాన్ని జూదమే అంది. పశ్చిమ బెంగాల్ 1957 చట్టం బ్రిడ్జ్, రమ్మీలతో పాటు పోకర్‌నూ జూదం నిర్వచనం నుంచి తప్పించింది. అదే ముక్కలు, అదే ఆట. కోల్‌కతాలో ఒకటి, అహ్మదాబాద్‌లో మరొకటి. జూదం, పందేలు రాజ్యాంగం రాష్ట్రాలకు అప్పగించిన విషయం కావడమే దీనికి కారణం.

మీ విషయానికొస్తే, తెలంగాణ 2017లో చట్టాన్ని సవరించి, నైపుణ్యం ఉన్న ఆట ఫలితం మీద డబ్బు ఒడ్డినా గేమింగే అంది. ఆంధ్రప్రదేశ్ కూడా 2020లో సవరణ తెచ్చి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను మూయించింది. కాబట్టి హైదరాబాద్ హాలులో 'ఇది నైపుణ్యం అండీ' అన్న వాదన మీద ఆధారపడకండి. మీకు మిగిలిన రక్షణ ఒక్కటే: ఇంటివారికి ఆట మీద పైసా లాభం లేకపోవడం. అదీ పూర్తి కవచం కాదు. చట్టప్రకారం చేసిన సోదాలో ఆట సామగ్రి దొరికితే, కాదని మీరు చూపించేవరకు అది జూదగృహమేనని కోర్టు భావించే వీలుంది. చివరికి మీరే గెలవవచ్చు. ఆ గెలుపు దాకా వాయిదాలకు తిరగవలసిందీ మీరే. డబ్బు లేకుండా, ఏ పందెమూ లేకుండా, ఉత్త చిప్స్‌తో ఆడితే ఈ తంటా ఏదీ లేదు. డబ్బు పెట్టి ఆడండని నేను రాయను.

యాప్‌ల మీద వచ్చిన 2025 కేంద్ర చట్టం ఆన్‌లైన్ ఆటలకే. మీ బల్ల దాని పరిధిలోకి రాదు. అయితే బయటివారిని పిలిచి, గుంపుగా జూదం నడుపుతున్నారని పోలీసులు భావిస్తే భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్‌ను కూడా చేర్చే అవకాశం ఉంది. దానికి శిక్ష ఏడాది నుంచి ఏడేళ్లు. అందుకే మీ ఆరుగురే ఉండండి. మిత్రుడి మిత్రుడు, వాడి ఆఫీసువాడు అంటూ కుర్చీలు పెంచకండి.

బల్ల ఖర్చు పంచుకోవాలంటే ఒకేసారి, ఆటతో సంబంధం లేకుండా, ఆరుగురూ సమంగా వేసుకోండి. 'ఈ పలక మా ఆరుగురిది, ఫలానావారి ఇంట్లో ఉంచాం, వాడకానికి రుసుము లేదు' అని తెల్లకాగితం మీద రాసి సంతకాలు పెట్టండి. తిండి ఖర్చూ అంతే. బిర్యానీ బిల్లు 1,840 అయితే 1,840నే పంచండి. మనిషికి 350 చొప్పున వసూలు చేసి, మిగిలిన 260 మీ దగ్గర ఉంచుకుంటే మళ్లీ 'బల్ల 300' దగ్గరికే వస్తాం. రాత్రి పది దాటాక గోల తగ్గించండి. నేను చూసినంతలో ఇళ్ల మీద దాడులు చాలావరకు పక్కింటివారి ఫోనుతోనే మొదలవుతాయి.

మీ బావమరిదిగారు డబ్బు పెట్టే ఆటలో కూర్చోకపోవడమే మంచిది. అందరికీ వచ్చే కేసే ఆయనకూ వస్తుంది, కానీ ఆయనకు పైన శాఖ కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలు మించి నిర్బంధంలో ఉంటే సస్పెండైనట్టే లెక్క. తర్వాత కేసు కొట్టేసినా సర్వీసు పుస్తకం కొంతకాలం వెంటాడుతుంది.

చివరిగా ఆ 18 వేల నోటు. కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచినదాని కోసం దావా వేయలేరు. ప్రామిసరీ నోటు రూపంలో రాయించుకున్నా, అది పేకాట బాకీ అని ఆయన నిరూపించిన రోజు మీ దావా వీగిపోతుంది. అంతకంటే ముఖ్యం, ఆ దావాలో డబ్బు పెట్టి ఆడామని మీరే కోర్టుకు రాసిచ్చినట్టవుతుంది. నోటు తిరిగిచ్చేయండి. ఆ 18 వేలను ఆయన బల్ల వాటా కింద సర్దుకుందామని మాత్రం అనుకోకండి. ఆ లెక్క ఎక్కడైనా రాసిపెడితే ఆట డబ్బుతో బల్ల కొన్నట్టు కాగితం మీదకెక్కుతుంది.