ఇంట్లో ఉన్నా ఆఫీసులోనే ఉంటే…

ప్రశ్న: నా వయసు 37. తొమ్మిది మంది ఉండే టీమ్‌ని చూసుకుంటాను. ఉదయం తొమ్మిదికి మొదలుపెడితే రాత్రి పదకొండు దాకా మెసేజ్‌లతోనే సరి. "మీరు ఇంట్లో ఉన్నా లేనట్టే" అని ఏడాదిగా అంటున్న నా భార్య ఈమధ్య అనడం కూడా మానేసింది. ఏడేళ్ల పాప నన్నేమైనా అడగాలంటే వాళ్లమ్మతో అడిగిస్తోంది. నిద్ర సరిగ్గా పట్టదు. ఆర్నెల్లలో టీమ్‌లో ముగ్గురు మానేశారు, ఆ పనీ నామీదే పడింది. ఉద్యోగం వదిలేయమంటారా?

జవాబు: ఇప్పుడే వదలొద్దు. ఇంత అలసటలో రాజీనామా చేస్తే ఇవే అలవాట్లను కొత్త ఆఫీసుకి మోసుకెళ్తారు. రెండు నెలలు గడువు పెట్టుకోండి. అయితే మీ భార్య అడగడం మానేసిందన్న విషయాన్ని తేలిగ్గా తీసుకోకండి. గొడవపడుతున్నంతకాలం మీరు మారతారన్న నమ్మకం ఎంతో కొంత ఉన్నట్టే.

మొదటి రెండు వారాలు ఏమీ మార్చకండి, రాయండి చాలు. పని వేళ దాటాక ఫోన్ గానీ లాప్‌టాప్ గానీ తెరిచిన ప్రతిసారీ ఎన్ని గంటలకు, ఎవరి కోసం, ఆ రాత్రే తేలాల్సిన పనేనా అన్నది ఒక్క ముక్కలో రాసుకోండి. ఎవరూ పిలవకుండా మీరే తెరిచిన సార్లను విడిగా లెక్కపెట్టండి. ఆ లెక్క చూసి కంగుతినేవాళ్లే ఎక్కువ. వారం మొత్తం గంటలూ కూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం, వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తం అందక చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మీరు చెప్పిన వేళల్ని బట్టి చూస్తే ఆ గీత ఎప్పుడో దాటేసినట్టున్నారు.

మూడో వారం నుంచి రోజుకో ముగింపు పెట్టండి. పని ముగించి లేవడానికి పదిహేను నిమిషాల ముందు, ఎక్కడ ఆపారో, రేపు దేనితో మొదలుపెట్టాలో రాయండి. "రిపోర్టు" అని రాస్తే లాభం లేదు. "రిపోర్టులో మూడో పట్టిక సరిచూడాలి" అని రాయాలి. సగంలో వదిలిన పని ఎక్కడుందో తెలియకపోతే మనసు దాన్ని పక్క మీదకీ తెచ్చుకుంటుంది. రాత్రి ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టి, అలారానికి చిన్న గడియారం కొనుక్కోండి. "అలారం కోసం" అన్న సాకుతోనే ఫోన్ మళ్లీ తలగడ దగ్గరికి చేరుతుంది.

ఇక కాస్త చేదు మాట. రాత్రి 10:40కి మీరు పంపే మెసేజ్ మీ ఒక్కరి అలవాటుగా ఆగదు, టీమ్ మొత్తం తెరిచి చూస్తుంది. "రేపు చూస్తే చాలు" అని చేర్చినా చూస్తుంది, పంపింది పై అధికారి కాబట్టి. అలాంటివి పొద్దున వెళ్లేలా టైమ్ పెట్టండి. రాత్రి అత్యవసరాలకు వారానికొకరి వంతు వేయండి. ఏది అత్యవసరమో మూడు వాక్యాల్లో రాసి అందరికీ ఇవ్వండి. అలాంటిది వస్తే ఫోన్ కాలే, మెసేజ్ కాదు. రాత్రి లేవాల్సి వచ్చినవారు మర్నాడు ఆలస్యంగా రావచ్చు. ఇది చెడేది సాధారణంగా మొదటి వారంలోనే: పైవారెవరో మెసేజ్ పెడతారు, మర్యాదకి మీరు జవాబిస్తారు, అంతటితో సరి. అందుకే మీ పై అధికారికి ముందే చెప్పి ఉంచండి.

ఆయన దగ్గర "ఒత్తిడిగా ఉంది" అంటే సానుభూతి దొరుకుతుంది, పని తగ్గదు. పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదానికి వారానికెన్ని గంటలో వేసి, "45 గంటల్లో ఏవి ముందు, ఏవి ఆగొచ్చు?" అని అడగండి. సంస్థకి నష్టమెక్కడో కూడా చూపించండి: ముగ్గురు పోతే వాళ్లకు తెలిసిన పనీ పోతుంది, కొత్తవారు కుదురుకోవడానికి నెలలు పడుతుంది, అలసటలో చేసిన తప్పుల్ని మళ్లీ దిద్దాలి. మొదటి ప్రపంచ యుద్ధకాలపు బ్రిటన్ ఆయుధ కర్మాగారాల లెక్కల్ని ఆర్థికవేత్త జాన్ పెన్‌కవెల్ 2014లో పరిశీలించి, వారానికి 70 గంటలు చేసినా ఉత్పత్తి 56 గంటలకు వచ్చినదానికంటే పెద్దగా పెరగలేదని చూపారు. "అన్నీ ముఖ్యమే" అని ఆయన తేల్చేస్తే, జరిగిన మాటల్ని అదే రోజు మెయిల్‌లో పెట్టండి. రెండు నెలలకీ కదలిక లేకపోతే అప్పుడు, జీతం వస్తుండగానే, వేరే ఉద్యోగం వెతుక్కోండి.

ఇంట్లో ప్రకటనలు వద్దు. రోజులో ఏ వేళ తనకు కష్టంగా ఉంటుందో మీ భార్యని అడిగి, ఆ అరగంట మీరు తీసుకోండి. పాప పనుల్లో ఒకటి, బడి సంచి సర్దడమో నిద్రపుచ్చడమో, పూర్తిగా మీదవ్వాలి. మొదట్లో "అమ్మే కావాలి" అంటుంది; నొచ్చుకోకుండా అక్కడే కూర్చోండి. ఆదివారం షికార్లతో బాకీ తీర్చబోకండి, వాళ్లిద్దరికీ కావలసింది మంగళవారం లాంటి మామూలు రోజు సాయంత్రం.

ఇంత చేశాక కూడా రెండు మూడు వారాలు నిద్ర కుదరకపోయినా, పని ఒక్కటే కాదు దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టర్‌ని కలవండి. ఛాతీలో నొప్పి వస్తే గడువులేవీ వద్దు, వెంటనే వెళ్లండి.

రెండు వారాల లెక్క మీ భార్యకు చూపించండి. ఆమెకి గుర్తున్న గంటలు అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. అక్కడ వాదన పెట్టుకోకండి.