చిట్టితల్లీ, సంతకం పెట్టే ముందు

చిట్టితల్లీ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు సెకండ్‌హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ 2 సిరీస్ కన్వర్టిబుల్, అదే టాప్ తెరుచుకునే కారు, కొంటున్నావని చెప్పాడు. ఆ గొంతులో గర్వం వినాలి నువ్వు! ఫోన్ పెట్టేశాక నాకు మాత్రం నిద్ర పట్టలేదు. లేచి కూర్చుని ఇది రాస్తున్నాను.

అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్‌కి చూపించు. వీఐఎన్, అంటే కారుకుండే గుర్తింపు నంబరు, కొట్టి, కంపెనీ లోపం సరిచేస్తామని వెనక్కి పిలిచినా చేయించకుండా వదిలేసిన రీకాల్స్ ఉన్నాయేమో చూడు. ఇన్సూరెన్స్ ఎంతవుతుందో ముందే అడుగు. ఇవన్నీ నీకు తెలిసినవే.

మోడల్ ఏడాది సంగతే నీకు తెలిసినట్టు లేదు. 2016దీ 2017దీ ఒకటే కదా నాన్నా అన్నావట. చూపుకి ఒకటే. అమెరికాలో దీని కూపే, అంటే టాప్ తెరుచుకోని రెండు తలుపుల రకం, 2014 మోడల్‌గా వచ్చింది, కన్వర్టిబుల్ ఆ తర్వాతి ఏడు. అప్పుడు చిన్న ఇంజిన్ దాని పేరు 228ఐ, 240 హార్స్‌పవర్. 2017కి ఇంజినే మార్చేసి 230ఐ అన్నారు, 248 అయింది. పెద్ద ఇంజిన్ ఎం235ఐ కూడా అదే ఏడాది ఎం240ఐ అయింది. 2018లో హెడ్‌లైట్లు ఎల్‌ఈడీ చేశారు, డాష్‌బోర్డు కాస్త దిద్దారు. 2021తో కన్వర్టిబుల్ ఆపేశారు. ఇప్పుడు మెక్సికో నుంచి వస్తున్న కొత్త కూపేకి టాప్ తెరుచుకునే రకం లేదు. కాబట్టి నీకు పాతదే దిక్కు. వీఐఎన్‌లో పదో అక్షరం చూడు: జీ అయితే 2016, హెచ్ అయితే 2017, జే అయితే 2018. ప్రకటనలో ఏం రాశారన్నది పక్కన పెట్టు.

నేను ఆ అక్షరం చూసుకోలేదు తల్లీ. 2016 చివర్లో, గ్రీన్‌కార్డు వచ్చిన సంబరంలో షోరూముకి వెళ్లాను. నీలం రంగు 228ఐ కన్వర్టిబుల్, టాప్ తీసి ఎండలో పెట్టారు. దాన్ని చూడగానే మీ తాతయ్య చేతక్ స్కూటర్ గుర్తొచ్చింది. తెనాలిలో నన్ను ముందు నిలబెట్టుకుని కాలవగట్టు మీద పోనిచ్చేవారు. మొహానికి గాలి కొడుతుంటే నేను హ్యాండిల్ మధ్యలో గట్టిగా పట్టుకుని అరిచేవాణ్ని. స్టార్ట్ కాకపోతే దాన్ని ఒక పక్కకి వంచి, మళ్లీ నిలబెట్టి, కిక్ కొట్టేవారు. ఆ గాలి మళ్లీ కావాలనిపించింది నాకు. తగ్గింపు ఇస్తామన్నారు. ఎందుకు తగ్గిస్తున్నారని అడగనైనా అడగలేదు. ఉన్న డబ్బంతా డౌన్‌పేమెంట్ కట్టి, ఆరేళ్ల లోన్ మీద సంతకం పెట్టేశాను. కొత్త ఇంజిన్ 2017 మోడల్ అప్పటికే వచ్చేసింది. నా కారు ఇల్లు చేరేసరికే పాతదైపోయింది.

ఎనిమిది హార్స్‌పవర్ పోతే పోయింది, దానికి ఎవడేడుస్తాడు? ఏడాదిన్నర తర్వాత నా ఉద్యోగం పోయింది. ఆ నెలలోనే తాతయ్యకి బాగాలేదని మీ నాన్న ఫోన్. కారు అమ్మేద్దామని తీసుకెళ్తే, వాళ్లిచ్చే ధరకన్నా నేను కట్టాల్సిన బాకీ నాలుగువేల డాలర్లు ఎక్కువ. అమ్మాలంటే నేనే ఎదురు డబ్బివ్వాలి. ఒక్క నెల ఆగి, ఏదో ఒకటి సర్దుకుని వెళ్దామనుకున్నాను. తాతయ్య ఆ నెల ఆగలేదు. నేను పదో రోజుకి అందుకున్నాను. మీ నాన్న నన్ను ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా బాధ.

అలాంటిది, నువ్వూ ఆరేళ్ల లోన్ అడిగావట! ఎవరు చెప్పారమ్మా నీకు? నెలకి కట్టేది తక్కువని చూడకు. మూడేళ్లలో తీరనిది కొనకు. రెండు వైపులా విమానం టిక్కెట్టు డబ్బు విడిగా బ్యాంకులో వేసి, దాన్ని నీది కాదనుకో. నాన్నకి షుగరుందని నీకు నేను చెప్పాలా?

కోప్పడ్డాను కదూ. నువ్వు కష్టపడి సంపాదించుకున్న డబ్బు, నీకు నచ్చింది నువ్వు కొనుక్కుంటే నాకంటే సంతోషించేవాళ్లెవరు? టాప్ బట్టది, 20 సెకన్లలో తెరుచుకోవాలి. మూడుసార్లు తీయించి, మూడుసార్లు వేయించు. మడత దగ్గర ఎండకి పగిలిందేమో వేలు పెట్టి చూడు. వెనక కార్పెట్ కింద చెయ్యి పెట్టు. తడి తగిలినా, ముక్కిపోయిన వాసన వచ్చినా బయటికొచ్చెయ్. నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు ఇరుక్కుంటే వాన నీళ్లు లోపలికే దిగుతాయి.

శనివారం వెళ్లేలోగా వీఐఎన్ ఫొటో పంపు. మొదటిసారి టాప్ తీసి నడిపేటప్పుడు నాకు ఫోన్ చెయ్యకు, రోడ్డు చూసుకో. ఇల్లు చేరాక చెయ్యి. ఎంత రాత్రయినా సరే, మేలుకునే ఉంటాను.

మీ బాబాయ్